యూరియా సంచిలో విత్తనం

రంగక్కా, అన్నం ఉట్టి మీద ఉంది. మేకలను విప్పకు. విత్తనం అడుక్కోవడానికి మంగళవాడలో మా అక్క ఇంటికి పోతున్నాను.

విత్తనపు చెనక్కాయలు గోనెసంచుల్లో పొయ్యమన్నాను. “గోనె కాలం పాయలే అత్తా, ఎలకలు కొరుకుతాయి” అంటూ సరిగా ఆరకముందే యూరియా ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి మూతి కుట్టావు. వాన పడిందని ఈ పొద్దు విప్పితే అంతా బూజు. ఎలకలు ముట్టలేదులే. మొలకా రాదు.

పోయిన కరువులో విత్తనం లేకనే నీ మొగుడు బెంగళూరుకు కూలికి పోయాడు. వాకిట్లో ఏడ్చింది నేను. నువ్వు కొత్త చీర తెమ్మన్నావు.

బూజు కాయలు మేకలకు వేయకు, చస్తాయి. కావాలంటే నువ్వు తిను.

మా అక్క విత్తనం లేదంటే వాడు మళ్లీ పోతాడు. ఈసారి నిన్నూ వెంట పంపుతాను. మీ బిడ్డ మాత్రం నా దగ్గరే ఉంటుంది.