ఎడమ మోకాలి సంగతి

చెల్లాయి బుల్లికి,

చేతిలో ఫోను పెట్టుకుని అన్నయ్య ఉత్తరం రాస్తున్నాడేమిటా అని ఆశ్చర్యపోకు. ఫోన్లో అయితే మనిద్దరం రెండో నిమిషంలోనే పోట్లాటకి దిగుతాం. ఇది నిదానంగా చెప్పాల్సిన విషయం. నా కోడిగీతలు కాస్త ఓపిగ్గా చదువు.

మా ఊళ్ళో ఏటా జరిగే పది కిలోమీటర్ల రోడ్డు పరుగు వచ్చే నెల ఆఖరి ఆదివారం. పేరిచ్చాను. నవ్వకు. ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్నవాడికి ఆ రోడ్డంతా ఒక్కసారైనా సొంత కాళ్ళ మీద వెళ్ళాలని ఉండదా? ఏడు కిలోమీటర్ల దాకా బాగానే వచ్చింది. పదిరోజుల నుంచి ఎడమ మోకాలు మొరాయిస్తోంది. మెట్లు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. చాలాసేపు కూర్చుని లేస్తే చిప్ప చుట్టూ సలుపు. టేపు పెట్టి కొలిస్తే కుడిదానికన్నా పావంగుళం లావుంది. ఇక్కడి డాక్టరేమో "ఈ వయసులో పరుగులెందుకు, ఇంట్లో కూర్చోండి" అన్నాడు. ఆ ఇంట్లో కూర్చోవడం ఒక్కటే కుదరని పని. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పేరుతో రోజుకి ఇరవై మోకాళ్ళు వంచి చాపించేదానివి, నువ్వు చెప్పు. చెయ్యమంటే చేస్తాను, ఆపమంటే ఆపుతాను.

మీ వదిన బాగానే ఉంది. నువ్వు అడగవని తెలుసు కాబట్టి నేనే చెబుతున్నాను.

ఇట్లు,
అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకి,

నవ్వాను. నవ్వాక రెండుసార్లు చదివాను. నువ్వు రాసినవన్నీ నేను రోజూ చూసేవే. క్లచ్ తొక్కీ తొక్కీ ఆ మోకాలు అలిసిపోయింది, దాన్ని పట్టి ఉంచాల్సిన తొడ కండ బద్ధకించింది. అరిగిపోలేదులే, భయపడకు.

రెండు వారాలు పరుగు సగానికి తగ్గించు. అడుగులు చిన్నవి వెయ్యి. మంచం మీద కాళ్ళు చాపుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని కిందకి అదిమి పది లెక్కపెట్టు. ఆ తర్వాత పక్కకి తిరిగి పడుకుని పైకాలు నిదానంగా ఎత్తి దించు. రెండూ పూటకి ఇరవై సార్లు. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకో. మూడు దాకా సర్దుకుపోవచ్చు. ఐదు దాటిందా, పందెం రోజైనా సరే అక్కడితో ఆపెయ్యాలి. పంతానికి పోయావంటే రేపు మెట్లు దిగడానికి పక్కన మనుషులు కావాలి.

టేపు పెట్టి కొలిచింది ఆవిడే అయ్యుంటుంది. మీ ఇంట్లో కుట్టుమిషను దగ్గర తప్ప టేపెక్కడిది? ఆవిడ గురించి రాయొద్దని అనను, నన్ను అడగమని మాత్రం అనకు. తుంటి ఆపరేషనయ్యాక అమ్మని రోజూ లేపి నడిపించమని చిలక్కి చెప్పినట్టు చెప్పి వచ్చాను. అమ్మ ఏడుస్తోందని ఆవిడ మానేసింది. మంచానికి అంటుకుపోయిన మనిషి మళ్ళీ లేవనేలేదు. "అమ్మని నడవనివ్వంది నువ్వే" అని మొహం మీదే అన్నాను. మూడేళ్ళు గడిచినా, ఎందుకన్నానా అని నాకు అనిపించలేదు.

నీ,
బుల్లి


బుల్లీ,

మూడు వారాలుగా నువ్వు చెప్పినవన్నీ పొల్లుపోకుండా జరుగుతున్నాయి. వాపు తీసింది. మొన్న ఐదు కిలోమీటర్లు రెండు మార్కుల నొప్పితో అయిపోయాయి.

ఒకటే ఇబ్బంది. కాలెత్తేటప్పుడు పన్నెండోసారికి కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి. పళ్ళు బిగబట్టి ఇరవై పూర్తిచేస్తే మర్నాడు పొద్దున కాలు కింద పెట్టడం కష్టమవుతోంది. పక్కనున్నవాళ్ళకి వద్దని చెప్పాలో, ఇంకొక్కటి అని చెప్పాలో తోచడం లేదు. ఓర్చుకోవాలా, ఆపాలా? పందెం ఇంకా పదిరోజులే ఉంది. నువ్వేం రాస్తే అదే.

అన్నయ్య

తా.క. అమ్మ మంచం పట్టినప్పుడు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. నాకూ రెండు చేతులున్నాయి, నేనూ లేపలేదు. నా మీద నీకెందుకు కోపం రాలేదు?


ప్రియమైన అన్నయ్యా,

ఆపెయ్యి. కళ్ళ నీళ్ళొచ్చేదాకా ఎవరు చెయ్యమన్నారు? ఇరవై అని రాసింది నేనే, కానీ కాలు నీది. కాగితం మీద లెక్కలు రాసేవాళ్ళకి నొప్పి తెలియదు. ఇక ఎనిమిదికే ఆపు. ఏడుస్తున్న మనిషి చేత ఇంకొకటి చేయించడం వైద్యం కాదు. పక్కనున్నవాళ్ళు చాలంటే విను. నీ మొహం చూస్తున్నది వాళ్ళు, నేను కాదు.

పందెం రోజు మొదటి రెండు కిలోమీటర్లు ఎవరు దాటిపోయినా పట్టించుకోకు. పల్లం వచ్చిన చోట నడువు, ఎవరూ నీ మార్కులు కొయ్యరు. ఐదు దాటితే ఏం చెయ్యాలో ముందే చెప్పాను. నువ్వు కుంటుతూ గెలిచావని వినడం కన్నా సగంలో కూర్చున్నావని వినడమే నాకిష్టం.

నీ తా.క. సంగతి ఇప్పుడు కాదు.

ప్రేమతో,
బుల్లి


బుల్లికి,

నేను, వదినని. చించెయ్యకుండా ఆఖరిదాకా చదవమని అడుగుతున్నాను.

ఆ మోకాలు మీ అన్నయ్యది కాదు, నాది. ఆయన బస్సు దిగాక సందు చివర కొట్టు దాకా కూడా నడవరు, ఇక పరుగా. ఎడమకాలితో మిషను పెడలు తొక్కీ తొక్కీ వచ్చిన నొప్పి ఇది. నా పేరు చెబితే నువ్వు వైద్యం చెప్పవని కాదు. చెబుతావు, అది నీ వృత్తి. కానీ పరాయి రోగికి చెప్పినట్టు చెబుతావని ఆయన బెంగ. ఫోనైతే మోకాలు చూపించమంటావని ఉత్తరాల ఉపాయం ఆయనే వేశారు. అబద్ధంలో సగం వాటా నాది.

నువ్వు ఆ మాట అన్నాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. మిషను ముందు కూర్చుంటే అత్తయ్య మంచం ఉన్న చోటే ఎదురుగా కనిపిస్తుంది. పొద్దున్నే లేచి కాలు కాలిన పిల్లిలా వీధులన్నీ తిరిగేదాన్ని. నడక కాస్తా పరుగైంది. ఈ పదీ ఒక్కసారి పూర్తిచేస్తే నీ మాట నన్ను వదిలిపెడుతుందని ఎందుకో గట్టిగా నమ్మాను.

నిన్న పరుగెత్తాను. ఆరు దాకా మూడు మార్కులే. ఎనిమిదో కిలోమీటరులో వంతెన దిగుతుంటే ఐదు దాటింది. ఇంకా రెండే మిగిలాయి. వంతెన కింద మీ అన్నయ్య నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డారు. ఆపమనలేదు, వెళ్ళమనలేదు, ఊరికే నా మొహం చూస్తున్నారు. నువ్వు రాసింది గుర్తొచ్చి పక్కకి తప్పుకుని కాలిబాట మీద కూర్చున్నాను. డెబ్భయ్యేళ్ళుంటాయేమో, ఒకావిడ నన్ను చూసి చెయ్యూపి మరీ వెళ్ళిపోయింది. అక్కడ మాత్రం కొంచెం ఒళ్ళు మండింది.

ఏడుస్తున్న మనిషి చేత ఇంకొకటి చేయించడం వైద్యం కాదని రాశావు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో. నువ్వు వెళ్ళాక అత్తయ్యని రెండుసార్లు లేపాను. పాదాలు నేలకి ఆనగానే ఏడ్చేది. అప్పుడు ఆ మాట నాకు చెప్పేవాళ్ళు లేరు. నేను చేసింది తప్పే కావచ్చు, ఇంకాస్త మొండిగా ఉంటే ఆవిడ లేచి తిరిగేదేమో. కానీ బద్ధకించి మానలేదు బుల్లీ, చూడలేక మానాను. ఈ ఒక్క మాట నీకు చెప్పాలని మూడేళ్ళుగా ఉంది.

ఇట్లు,
మీ వదిన


వదినా,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. జవాబు రాసి చించినవి మూడు.

ముందు మోకాలి సంగతి. రెండు వారాలు పరుగు వద్దు. మిషను పెడలు కుడికాలితో తొక్కు, కుర్చీ మీద ఏదైనా మందంగా వేసుకుని కాస్త ఎత్తులో కూర్చో. ఈ నొప్పి పోతుంది, అది నా పూచీ.

ఇప్పుడు నేను చెప్పాల్సింది. ఆపరేషనయ్యాక నేను మీ ఇంట్లో నాలుగు రోజులున్నాను. మూడోరోజు నువ్వు కుట్టిన బట్టలిచ్చి రావడానికి వెళ్ళావు. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. అమ్మని నేను లేపాను. పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని కదా, నా చేతుల్లో నడవకపోతే ఇంకెవరి చేతుల్లో నడుస్తుంది అనుకున్నాను. నాలుగడుగులు వేసింది. ఐదో అడుగుకి నా భుజం గట్టిగా పట్టుకుని "నీకు దణ్ణం పెడతానే, వదిలెయ్యి" అంది. అమ్మ నాతో ఆ మాట అంది వదినా. నేను వదిలేశాను. మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను.

నువ్వు తిరిగొచ్చి "నడిచిందా" అని అడిగితే, కిటికీ దాకా వెళ్ళి వచ్చింది, రోజూ ఇలాగే నడిపించు అన్నాను. మర్నాడు బస్సెక్కేశాను. నావల్ల కాని పని నీ నెత్తిన పెట్టి వెళ్ళిపోయి, నీవల్ల కాలేదని నిన్ను అన్నాను. ఇది నేను నీతోనే కాదు, అన్నయ్యతో కూడా చెప్పలేదు. నువ్వే చదివి వినిపించు. నా నోటితో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

నువ్వు లేపినప్పుడు అమ్మ పాదాలు నేలకి ఆనాయి, అంతే కదా. అంటే అమ్మ ఆఖరిసారి నడిచింది ఆ నాలుగడుగులే. అవి నాతోనే నడిచింది. ఆ సంగతి మీ ఇద్దరికీ తెలియనివ్వకుండా మూడేళ్ళు నా దగ్గరే దాచుకున్నాను.

నీ ఆడపడుచు,
బుల్లి