ఈతకొలను గోడలో పెట్టె

ప్రియమైన అమ్మాయి సారికకు, నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను. మీ అమ్మ మోకాళ్ళు వంగడం లేదు, నాకు ఎడమ కంట్లో పొర దిగింది, అయినా క్షేమమనే అనుకో. జంగారెడ్డిగూడెంలో మీరెలా ఉన్నారో నీ ఉత్తరం చూశాక అడగాల్సిన పని లేకుండా పోయింది.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ ఆయన జేబులో ఉంటుంది గనక ఉత్తరం రాశానన్నావు. మంచి పని చేశావు. ఫోన్లో అయితే నేను దగ్గుతాను, మాట మారుస్తాను, చివరికి ఫోను మీ అమ్మ చేతికిచ్చేస్తాను. కాగితం మీద అలా కుదరదు.

నువ్వడిగిన వాటిలో తేలికైనవి ముందు చెబుతాను. అమ్మ మందులు ఆపలేదు, భీమవరం డాక్టరు ఇచ్చినవే వాడుతోంది. మీ మేనత్త పాపాయమ్మ గేదె ఈనింది, దూడ దక్కలేదు. లైబ్రరీ సంగతి అడిగావు. మూసేశారు. చెదలు పట్టినవి పట్టగా మిగిలిన పుస్తకాలు లారీలో వేసుకుని ఎటో తీసుకెళ్ళారు. నలభై ఏళ్ళు తాపీ కడిగేసి, చేతులు తుడుచుకుని, సాయంత్రాలు అక్కడ కూర్చుని చదివాను. చదువుకున్నవాడు మంచివాడవుతాడని ఎవరన్నారో గానీ, నన్ను చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. చర్చికి మళ్ళీ ఆ పాత పెద్దనే ఎన్నుకున్నారు, మీ ఆయన్ని పాటల జట్టులోంచి తీసేసినాయన్ని. పోయిన ఆదివారం నా చెయ్యి పట్టుకుని, దేవుడు నీకు తోడుండాలి చిట్టియ్యా అన్నాడు. ఆయన ప్రహరీ గోడ కట్టింది నేనే. ఆ గోడకున్నంత నిజాయితీ ఆయన ప్రార్థనలో ఎప్పుడూ లేదు. వెళ్ళడం మానేశాను.

ఇక నువ్వు అసలు అడిగింది. రాజుగారి ఈతకొలను పనిలో మీ ఆయన నిజంగానే పౌడరు బస్తాలు అమ్ముకున్నాడా, నువ్వు అక్కడే ఉన్నావు కదా నాన్నా, చెప్పు అన్నావు. అడిగితే ఆయన నోరు విప్పడట. తాగి పడుకుంటాడట. పామాయిల్ తోటలో గెలలు నరికేవాళ్ళు కూడా దొంగ మేస్త్రి అని పిలుస్తున్నారట. అవునని రాస్తే బడులు తెరిచేలోగా పిల్లని తీసుకుని వచ్చేస్తానన్నావు. ఆ కాగితం పది రోజులుగా నా దిండు కింద ఉంది.

నీకు ఆ పని గురించి తెలియదు గనక మొదటి నుంచీ చెబుతాను. వీరభద్రరాజు గారు రొయ్యల చెరువుల పక్కన ఇల్లు కట్టి, మనవల కోసం కాంక్రీటు ఈతకొలను కట్టించుకోవాలనుకున్నారు. అందులో నీటి మీద తేలే ఆకులూ పురుగులూ లోపలికి లాగే ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంటుంది. స్కిమ్మర్ అంటారు. నీటి మట్టానికి సరిగ్గా, గోడలో నోరు తెరుచుకుని ఉంటుంది. రాజుగారి గోడ మందం తక్కువ కాబట్టి, మీ ఆయన హైదరాబాదు నుంచి చిన్న సైజుది, కాంపాక్ట్ స్కిమ్మర్ తెప్పించాడు. గోడ పోసేటప్పుడే కిటికీలా ఖాళీ వదిలాడు. రాడ్లు కొయ్యకుండా పెట్టెను వాటికి కట్టాడు. ఖాళీ అంచులు సుత్తితో గరుకు చేశాడు. చుట్టూ నింపడానికి మామూలు సిమెంటు పనికిరాదు, ఆరాక కుంచించుకుపోని పౌడరు కలిపి పొయ్యాలన్నాడు. అలాంటివి రెండు బస్తాలు తెచ్చి షెడ్లో పెట్టాడు. ఆ పని చూస్తుంటే నాకు ముచ్చటేసింది. పైకి అనలేదు.

అంతలో రామచంద్రపురంలో వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. బయల్దేరుతూ నాతో అన్నాడు, "మావయ్య గారూ, గట్టు పని మీరు చూసుకోండి. ఈ పెట్టె జోలికి మాత్రం రావద్దండి. నేనొచ్చి పోస్తాను."

మర్యాదగానే అన్నాడు. కానీ ఎనిమిది మంది కూలీల ముందు అన్నాడు. వాళ్ళలో ఇద్దరికి తాపీ పట్టడం నేర్పింది నేను. ఆ ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు.

మర్నాడు రాజుగారు వచ్చారు. టైల్స్ వాళ్ళు రేపు వస్తున్నారు, ఇదేంటి ఇంకా తెరిచి ఉందన్నారు. అల్లుడు రావాలండి అన్నాను. ఆయన నా కంటే పదిహేనేళ్ళు చిన్న. "ఏంటి చిట్టియ్యా, నలభై ఏళ్ళ మేస్త్రివి, ఓ కన్నం పూడ్చలేవా?" అన్నారు.

పూడ్చాను. కూలీలు వెళ్ళిపోయాక ఒక్కణ్ణే, మా నాన్న నేర్పినట్టు పూడ్చాను. చెరువు తూములకి గొట్టం పెట్టినప్పుడల్లా సిమెంటు పాలలో ముంచిన గోనెసంచి చుట్టి కుక్కేవాళ్ళం. తూము చుట్టూ బంకమట్టి ఉంటుంది, పాడైతే ఏడాదికోసారి మార్చుకుంటాం, అక్కడ అది చెల్లింది. ఇక్కడా చెల్లుతుందనుకున్నాను. ఆ పెట్టె చుట్టూ గోనె కుక్కి, పైన గచ్చు పూత వేసి, అద్దంలా నున్నగా తోమాను. మూడు ఊళ్ళలో నాలా తోమేవాడు లేడు. తర్వాత షెడ్లో ఉన్న ఆ రెండు బస్తాలూ విప్పి, గోడ వెనక నింపే మట్టిలో కలిపేశాను. ఎందుకో ఇప్పుడు ఎంత ఆలోచించినా చెప్పలేను. ఆ పౌడరు అవసరం లేదని నాకు నేనే రుజువు చేసుకోవాలనిపించింది కాబోలు.

మీ ఆయన తిరిగొచ్చి తాపీ పిడితో ఆ చోట తట్టి చూశాడు. పౌడరే పోశారా మావయ్య గారూ అని అడిగాడు. పోశాను అన్నాను. ఆ ఒక్క మాట. నమ్మాడు.

రెండో ఎండాకాలానికి నీళ్ళు రోజుకి జానెడు దిగిపోవడం మొదలైంది. ఇంటి అరుగు బీటలిచ్చింది. రాజుగారు ఊరి పెద్దల్ని పిలిచి, అందరి ముందూ ఆ పెట్టె దగ్గర గోడ పగలగొట్టించారు. నల్లగా కుళ్ళిన గోనె పీచులు చేతికొచ్చాయి. పౌడరు అమ్ముకుని గోనె కుక్కాడు దొంగ నాయాలు అన్నారు రాజుగారు. పూడ్చమని నాకు చెప్పింది తానేనని ఆయనకి గుర్తుంది. నా వైపు చూడకపోవడాన్ని బట్టి తెలిసింది.

మీ ఆయన ఆ పీచులు చేతిలోకి తీసుకున్నాడు. ఈ చుట్టుపక్కల గోనె కుక్కే మేస్త్రి ఒక్కడే మిగిలాడని ఆయనకి తెలుసు. తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు. నేను చెప్పాల్సిన క్షణం అది. నాకు గొంతు ఉంది, మాటలున్నాయి, చదివిన పుస్తకాలున్నాయి. నేలకేసి చూశాను.

"తప్పు నాదేనండి" అన్నాడు రమేష్ బాబు.

అంతే. తర్వాత ఎవరూ పని ఇవ్వలేదు, మీరు వెళ్ళిపోయారు. ఏడాదిన్నర నీకు చెప్పకుండా మోస్తున్నాడంటే, నీ తండ్రిని నీ కళ్ళలో నిలబెట్టడానికే. ఇన్నాళ్ళూ నేను ఆయన్ని నిందించిన మాటలన్నీ నీకు గుర్తుండే ఉంటాయి. నోరు జారి అన్న మాటలు కావు అవి, కావాలని అన్నవి. నువ్వు ఆయన్ని అసహ్యించుకుంటే నాకు నిద్ర పడుతుందనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక రాజుగారి దగ్గరికి వెళ్ళాను. ఉన్నదంతా చెప్పి, పెద్దల్ని మళ్ళీ పిలవండి అన్నాను. ఆయన పేపరు మడిచి, "ఇప్పుడవన్నీ ఎందుకు చిట్టియ్యా. ఊరికి ఒక దొంగ చాలు, ఇద్దరెందుకు?" అన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు కూడా. ఈతకొలను మట్టితో పూడ్చేశారు. పైన గడ్డి పెంచుతున్నారు. ఇంటింటికీ తిరిగి చెబుదామనుకుని ఇద్దరు పెద్దల దగ్గరికి వెళ్ళాను. అల్లుడి మీద ప్రేమతో నెత్తినేసుకుంటున్నానన్నారు. రాజుగారి ఒక్క మాటకే అబద్ధాన్ని నమ్మిన ఊరు, నా నోటి నిజాన్ని మాత్రం నమ్మలేదు.

కాబట్టి ఈ నిజం వినాల్సింది ఇక నువ్వొక్కదానివే. మీ ఆయన పౌడరు అమ్ముకోలేదు. ఆయన పనిలో లోపం లేదు. ఈ ఉత్తరం ఆయనకి చూపించు. చూపించినా తాగుడు మానతాడని నేను అనుకోను. చేతుల్లోంచి పని లాగేసుకున్నాక మనిషి మళ్ళీ మునుపటిలా అవడం నేను చూడలేదు. ఆయనతో ఉండలేకపోతే వచ్చెయ్, అది నీ ఇష్టం. దొంగతో ఉండలేక మాత్రం రావద్దు, నువ్వుంటున్నది దొంగతో కాదు.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇది పోస్టు చేసి వచ్చాక చెబుతాను. క్షమించమని నిన్ను అడగను, అడిగితే నువ్వు క్షమిస్తావేమోనని భయం.

ఇంకొకటి రాయకపోతే ఇదీ సగం అబద్ధమే అవుతుంది. ఈ పది రోజుల్లో నీకు నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగింటిలోనూ ఒకటే మాట, అవునమ్మా, అమ్ముకున్నాడు, వచ్చెయ్ అని. వస్తే నువ్వూ పిల్లా ఈ ఇంట్లో తిరుగుతారని ఆశ. నాలుగూ చించేశాను. ఈ అయిదోది చదివాక నువ్వు ఈ గడప తొక్కవని తెలిసే కవరు అంటిస్తున్నాను.

ఇట్లు,
రమేష్ బాబుకి మావనైన
చిట్టియ్య