ఎర్రన్న రేడియో

శ్రీకాకుళం, నవంబరు 1968, శుక్రవారం

రిపేరుకిచ్చిన రేడియో కోసం ఎర్రన్న భార్య నా కొట్టుకి వచ్చింది. చేపల వేటకెళ్లిన అతని తెప్ప తిరిగి రాక నేటికి తొమ్మిది రోజులు.

"ఎప్పుడు బాగయినాది బాబూ?" అంది.

"నిన్న" అన్నాను.

నిజానికి వాల్వు మార్చి పన్నెండు రోజులైంది. ఆ పూటే కబురు పంపాల్సింది. రేడియో గొంతు కమ్మగా ఉందని బల్లమీదే ఉంచుకుని పాటలు విన్నాను. సముద్రంలోకి వెళ్లొద్దని తుఫాను హెచ్చరిక వచ్చింది కూడా ఆ రేడియోలోనే. విని, ముల్లు తిప్పి మళ్లీ పాటలు పెట్టుకున్నాను.

"ముందే బాగయితే మావోడు ఎల్లుండేవోడు కాదు. నీ తప్పేటున్నాది బాబూ, తుఫాను కబురు మిగతావోళ్లయినా ఇంటారు" అని రేడియోని తువ్వాలులో చుట్టి ఎత్తుకుంది.

నేను ఏడవలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఎప్పటిలాగే మారు వడ్డించుకున్నాను.