సింగపూరులో ఏడు గంటలు

క్లేటన్, మెల్‌బోర్న్
9 జనవరి 2000

చిరంజీవి సుమకు మీ అత్తయ్య ప్రభువు పేరట దీవించి రాస్తున్నది.

పెళ్లయి రెండేళ్లయినా నీకు ఒక్క ఉత్తరం రాయని నేను ఇప్పుడు కలం పట్టింది నీ ఉత్తరంలోని ఒక్క మాట వల్ల. "పోయినసారి మీకు సింగపూరులో గంటే టైముందట కదా అత్తయ్యా. ఈసారి కాస్త ఎక్కువుంటే నేనే కౌలాలంపూర్ నుంచి విమానమెక్కి వచ్చి చూసి వెళ్తాను" అన్నావు. నాలుగో నెల కడుపుతో అంత పని పెట్టుకోకు తల్లీ.

ఇక్కడ అందరం క్షేమం. షీనా మళ్లీ ఆఫీసుకు వెళ్తోంది. దాని పాప పాకుతూ ఇల్లంతా తిరుగుతోంది. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని అంత హడావుడి చేశారు, ఏమీ కాలేదు. ఎబెన్‌కు ఇకనైనా బ్యాంకు పని తగ్గిందా? వాంతులకు ఏం చేయాలని అడిగావు. పొద్దున లేవగానే ఏమీ తాగకముందే గుప్పెడు మరమరాలు నములు.

మిగతాది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

పోయిన ఏప్రిల్‌లో నువ్వు బిడ్డను పోగొట్టుకున్న మూడో రోజున, షీనా కాన్పుకు ఇక్కడికి వస్తూ నేను సింగపూరులో దిగాను. బయలుదేరే ముందు ఎబెన్ ఫోనులో ఏడ్చాడు. "వాళ్లమ్మ రానందట. సుమ నిన్నే అడుగుతోందమ్మా. వీసా ఉంది, టికెట్ నేను చూస్తా. అక్కడి నుంచి గంటే" అన్నాడు. రెండు విమానాల మధ్య గంటే ఉంది, కుదరదన్నాను. నాకున్నది ఏడు గంటలు.

ఆ ఏడు గంటలూ కౌలాలంపూర్ విమానాల పిలుపులు వింటూ కూర్చున్నాను. పక్క కుర్చీలో గుంటూరాయన, కేశవరావు గారట, ఊరుకోలేక పలకరించాడు.

"కౌలాలంపూర్ ఎంతమ్మా, మూడొందల కిలోమీటర్లు. టీ ఇచ్చి కప్పు తీసుకునేలోపు దించేస్తాడు. మావాళ్లెవరన్నా అక్కడుంటేనా, నేనీపాటికి అన్నం తిని పడుకునేవాణ్ణి. మీకెవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ" అన్నాను.

మీ పెళ్లి చర్చిలో కాక రిజిస్టరు ఆఫీసులో జరిగిందని మన సంఘంలో మూడు నెలలు నన్ను ప్రభువు బల్లకు రానివ్వలేదు. అందరూ రొట్టె తీసుకుంటుంటే వెనక బెంచీలో తలవంచుకుని ఉన్నాను. ఆ అవమానమంతా నీ మీద పెట్టుకున్నాను. నీ ఇంట అన్నం తిన్నానని తెలిస్తే మళ్లీ దూరం పెడతారని భయపడ్డాను. ఇక్కడి చర్చిలో నన్నెవరూ ఆపరు. అయినా బల్ల దగ్గరకు వెళ్దామని లేచి, ఆ రోజు ఎవరూ లేరన్న మాట గుర్తొచ్చి కూర్చుండిపోతున్నాను.

"మార్చిలో కౌలాలంపూర్ మీదుగా టికెట్ మార్పిస్తా మమ్మీ, రెండు నెలలు సుమ దగ్గరుండి వెళ్లు" అంటోంది షీనా. ఇంకా సరేననలేదు. ఇది చదివాక కూడా నీకు నేను కావాలనిపిస్తే, రమ్మని ఒక్క ముక్క రాయి. వద్దనిపిస్తే ఏమీ రాయకు. తప్పు నీది కాదని నాకు తెలుసు.

ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో. ఎబెన్‌కు చూపించకు. వాడికి నేనే ఎదురుగా నిలబడి చెప్పుకోవాలి.

ఇట్లు
నీ అత్తయ్య
అమృతం