పొద్దున పొగ లేవని ఇళ్ళు

తిరువూరు,
16-5-79.

ప్రియమైన రిబ్కా అక్కకు,

మన పేట బియ్యం దొంగిలించింది మన నాన్న. మీ గంపలగూడెం బస్సులో ఎవరి నోటనో వినేకంటే నా చేతిరాతలో చదువుకుంటే మంచిదని ముందుగా ఆ ముక్కే రాస్తున్నాను.

ఉప్పెన తర్వాత నేను దివిసీమ వెళ్ళి శవాలు మోసిన సంగతి నీకు తెలుసు. అక్కడ పంచిన కరపత్రం ఒకటి తెచ్చుకున్నాను. ప్రతి ఇంటికీ ఒక ఆపద డబ్బా ఉండాలని అందులో ఉంది. అది మడతల దగ్గర చిరిగిపోయేదాకా చదివాను. గాలికైనా నీళ్ళకైనా ముందు చచ్చేది మనవాళ్ళే కదా, మనకే ఎందుకుండకూడదు అనిపించింది. మొన్న క్రిస్మసు వెళ్ళాక పొద్దున్నే పేటంతా తిరిగాను. పొగ లేచే ఇళ్ళ పేర్లు రాసుకున్నాను. ఇరవై రెండు. పొయ్యికొక ఖాళీ నూనె డబ్బా. ఒక్కోదాంట్లో మూత బిగించిన సీసాలో అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, నీళ్ళు తేర్చడానికి పటిక, తాడు, ఉప్పు. బియ్యం దగ్గరే చిక్కొచ్చింది. ఎవరింట్లోనూ మిగులు లేదు.

అప్పుడు నాకు పిడికెడు బియ్యం గుర్తొచ్చింది. ఆడవాళ్ళు ఎసట్లో పోసేముందు ప్రార్థన గుడి కోసం తీసిపెట్టే ఆ పిడికెడు ఎటు పోతోందని సంఘంలో లేచి అడిగాను. ఊళ్ళు తిరిగే పాస్టరు అయ్యగార్ల విందులకేనా అన్నాను. నాన్న ఉపదేశిగా అక్కడే కూర్చుని ఉన్నాడు, బైబిలు సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. ఇకనుంచి ఆ బియ్యం డబ్బాల్లోకే అని అందరిచేతా ఒప్పించాను. మన ఇళ్ళవి మట్టిగోడలు కాబట్టి డబ్బాలన్నీ గుడి అటక మీద పెట్టించాను. తాళాలు నాన్న దగ్గర.

మొన్న శనివారం తుఫానుకి వాగు పొంగి ఇళ్ళలోకి వచ్చింది. పేటంతా గుడిలో దూరింది. నేనెంత గర్వంగా ఆ డబ్బాలు దింపానో అక్కా! మూత తీస్తే అగ్గిపెట్టె ఉంది, కొవ్వొత్తి ఉంది, పటిక ఉంది. బియ్యం లేదు. ఇరవై రెండింటిలోనూ లేదు. కొవ్వొత్తుల వెలుగులో ఒకరి ముఖాలొకరం చూసుకుంటూ రెండు రోజులు పస్తున్నాం. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు.

"నేనే తీశాను" అన్నాడు నాన్న.

"ఎవరికి అమ్ముకున్నావు?" అన్నాను అందరి ముందూ. ఆయన వెళ్ళి ముసలమ్మల పక్కన కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళు మనకి వాక్యం చెప్పిన మనిషి.

తాళాలు లాక్కున్నాను. ఆదివారం ఆరాధనయ్యాక సంఘం కూర్చుని ఆయన్ని ఉపదేశి పనిలోంచి తీసేస్తుంది. కన్నకూతురు కూడా ఒప్పుకుందంటే పెద్దలు జంకరు. నువ్వు తప్పక రావాలి.

నీ తమ్ముడు,
ప్రభుదాసు.


తిరువూరు,
18-5-79.

అక్కా,

మొన్నటి ఉత్తరం చించి పొయ్యిలో వెయ్యి. పేటలో ముగ్గురి నోటికాడ కూడు తీసింది నేను. పోస్టులో వేస్తే ఆదివారం లోపు అందదని ఇది బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

నిన్న సాయంత్రం హన్నమ్మ మన గుమ్మం ముందుకొచ్చింది. కళ్ళు లేని మనిషి, గోడలు తడుముకుంటూ పేట ఆ చివర్నుంచి వచ్చింది. కొంగు కింద సత్తుగిన్నె ఉంది. నాన్న లేడు. నేను పలికితే గిన్నె ఇంకా లోపలికి దాచుకుంది.

"ఏం కావాలి మామ్మా?"

"ఏం లేదయ్యా. ఉపదేశిగారు నాలుగు రోజుల్నించి ప్రార్థనకి రాలేదు. ఒంట్లో బాగుందా అని."

ప్రార్థనకి గిన్నె ఎందుకో నాకు అర్థమయ్యేసరికి కాస్త సేపు పట్టింది. కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పింది. ఆమె, ఇంకో ఇద్దరు ముసలమ్మలు. వాళ్ళ పేర్లు నీకు కూడా రాయను. కూలికి పోలేని నాటినుంచి వాళ్ళు బతుకుతున్నది ఆ పిడికెడు బియ్యం మీదే. నాన్న బైబిలు సంచిలో అడుగున పోసుకుని, వాక్యం చదివే వంకన ఇచ్చి వచ్చేవాడట. ముగ్గురూ కలిసి చీకటి పడ్డాక ఒక్కపూట వండుకుంటారు. పొద్దున వాళ్ళ పొయ్యి వెలగదు. అందుకే నా లెక్కలోకి రాలేదు. ఆపద ఎప్పుడో వస్తుందని డబ్బాలు నింపాను, రోజూ ఆపదలోనే ఉన్న ముగ్గుర్ని పొగ లేదని వదిలేశాను. నాన్న ఆ డబ్బాల్లోంచే తీసి వాళ్ళ ప్రాణం నిలబెట్టాడు.

"మరి ఆ రోజు గుడిలో నువ్వూ ఉన్నావుగా, ఎందుకు చెప్పలేదు?" అన్నాను. ఇంకా కోపంగానే అడిగాను అక్కా, నా నోరు అలాంటిది.

"లేవబోయాను. మీ నాన్న నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు."

నాన్న వచ్చాక కాళ్ళ మీద పడబోతే పక్కకి జరిగాడు. ఎవరికోసం తీశావో నాతో చెబితే ఏం పోయేదని అడిగాను. "నువ్వు సంఘంలో అరిచావు. నీతో చెబితే సంఘంలోనే చెప్పేవాడివి. పదిమందికీ తెలిసిన ముద్ద గొంతు దిగదురా వాళ్ళకి. నన్ను తీసేస్తే తీసేస్తారు, నువ్వు మాత్రం పేర్లెత్తకు" అన్నాడు. చెప్పి ఉంటే డబ్బాల్లోంచి కొంతైనా పిల్లలకి మిగిల్చేవాళ్ళం కదా అని ఆయన మీద కూడా నాకు మంటగానే ఉంది. ఆ మంట మింగలేక రాస్తున్నాను. ఏళ్ళతరబడి పిడికెడు తీసిపెట్టి, అది ఎవరు తింటున్నారో ఒక్కసారీ అడగని పేట మీద కూడా మంటే. అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ అవమానించడానికి అడిగాను.

పేర్లు చెప్పకుండా నాన్న నిర్దోషి అంటే తండ్రిని కాపాడుకుంటున్నాడంటారని నాన్నతో అన్నాను. అక్కడే కూర్చున్న హన్నమ్మ ఇది విని, "నా పేరు నేనే చెప్పుకుంటాలే. కళ్ళు లేవు గాని నోరుందిగా" అంది. నా ముందే గిన్నె కొంగు కిందినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. నా తొందరపాటు కడగడానికి ఒక ముసలమ్మ తన ఆకలిని నలుగురిలో చెప్పుకోవాలి. ఆదివారం గుడికి నేనే తీసుకెళ్తానని చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. "రిబ్కమ్మ వస్తే ఆ పిల్ల చెయ్యి పట్టుకు నడుస్తా" అంది.

అందుకే రా. తాళాలు నాన్నకి ఇచ్చేశాను, తీసుకోలేదు, గూట్లో ఉన్నాయి. ఈ ఉత్తరం ఇచ్చి ఇరవై రెండు ఇళ్ళకీ పోతున్నాను. దొంగ అన్న నోటితోనే ప్రతి గుమ్మంలో చెప్పి పిలుస్తాను: ఆదివారం ఆరాధనకి ముందే, పొద్దున ఎనిమిదింటికి అందరూ గుడి ముందుకి రండి, నాన్నని అడగాలనుకున్నవన్నీ నన్ను అడగండి.

నువ్వు ఏడింటికే దిగు. హన్నమ్మ తన గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

ప్రభుదాసు.