నాన్న కొట్టు చుట్టూ ఒక సున్నా

అక్కా,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఈ కాగితాలేమిట్రా అని నవ్వుకుంటావు. నవ్వుకో. ఇకమీదట అసలు సంగతి ఏదీ నీతో ఫోన్‌లో మాట్లాడను. మొన్న నాన్న మోకాళ్ల నొప్పి గురించి మనం మాట్లాడుకుని పెట్టేశామో లేదో, నా ఫోన్‌లో మోకాళ్ల తైలం ప్రకటన ఊడిపడింది. మనం జేబులో పెట్టుకు తిరుగుతున్నది ఫోన్ కాదక్కా, పరాయివాడి చెవి. కాగితానికి చెవుల్లేవు.

విషయం ఏమిటంటే, నాన్న కళ్లద్దాల కొట్టు పడిపోతోంది. నువ్వు కంటి ఆసుపత్రి ఉద్యోగానికి ఆ ఊరు వెళ్లాక ఇక్కడ ఏం జరుగుతోందో నీకు తెలియదు. మనిషి వస్తాడు. కుర్చీలో కూర్చుంటాడు. నాన్న వాడి ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, గోడ మీద అంకెల చార్టు చూపించి, "చదువు నాయనా" అంటాడు. అంతలో వాడి జేబులో ఫోన్ గుర్రుమంటుంది. తీసి చూసుకుంటాడు. "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తానండీ" అని లేస్తాడు. వీధి దాటి ఎదుటి కొట్లోకి పోతాడు. నాన్న చేతిలో అద్దం పట్టుకుని అలాగే నిలబడతాడు. రోజూ ఇదే. నిన్న అన్నం దగ్గర ఏమన్నాడో తెలుసా? "నా చెయ్యి వణుకుతోందేమోరా. మనిషి ముఖం మీద చెయ్యి వేసేవాడు వణికితే ఎవడు కూర్చుంటాడు?" అన్నాడు. కంచంలోకి చూస్తూ అన్నాడు. ఆ చెయ్యి వణకడం లేదక్కా. నేను చూశాను.

సంగతేమిటో తేల్చాలని ఇవాళ నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. నా ఫోన్ కూడా గుర్రుమంది. "కళ్ల విషయంలో మొహమాటం పనికిరాదు. కొత్త మిషన్ మీద ఉచిత పరీక్ష. వీధి దాటండి చాలు." అరుగు దిగితే లేదు. మళ్లీ గడప లోపల కాలు పెడితే మళ్లీ వచ్చింది. పొద్దుటిపూట మాత్రం రాదు. పొద్దుట నాన్న స్క్రూలు బిగిస్తూ, విరిగిన కాడలు అతుకుతూ ఉంటాడు కదా, అప్పుడు శుభ్రంగా ఊరుకుంటుంది. పరీక్షలు మొదలయ్యే మధ్యాహ్నం నుంచే దాడి. దొంగ బద్ధకస్తుడు కాబోలు.

ఆ మొదటి వాక్యం ఎవరిదక్కా? నాన్నది! వచ్చిన ప్రతివాడితో నాన్న అనే మాట. ఆ మాట ఎత్తుకుపోయినవాడెవడో వేరే చెప్పాలా? మన ఇంట్లో తిని, మనల్ని భుజాల మీద మోసి, నాన్న పక్కన నిలబడి పని నేర్చుకుని, ఎదురుగా అద్దాల కొట్టు పెట్టినవాడు. మనం బాబాయి అని పిలిచినవాడు.

నేరుగా వెళ్లాను.

"బాబాయ్ అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు" అన్నాను.

"అయితే పిలవకు. కూర్చో. మంచినీళ్లు తాగు."

"మా నాన్న కొట్లోకి నీ ప్రకటన ఎలా వచ్చింది?"

గుడ్డతో ఏదో అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు తుడిచాడంటే ఆ అద్దం అరిగిపోయి ఉంటుంది. చివరికి, "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. సిగ్గులేని మనిషి!

మంచినీళ్లు తాగలేదు. గ్లాసు బోర్లించి వచ్చాను. నాన్న కొట్టు చుట్టూ గీత గీసిన చెయ్యి ఏదో ఆ చేతిని విరవకపోతే నేను నాన్న కొడుకునే కాను. పెద్ద చేప చిన్న చేపను తినడం ప్రకృతి కాదనీ, అది ఏర్పాటనీ, ఏర్పాటు కాబట్టే మార్చవచ్చనీ నేను చదివిన కరపత్రాల్లో ఉంది. మారుస్తాను.

నువ్వు పెట్టిన పేరుతోనే,
నీ అగ్గిపుల్ల

*

అక్కా,

నీ జవాబు చేరింది. "తొందరపడకు. వేళకి తిను." ఇంతేనా? నాన్న గురించి అంత రాస్తే రెండు ముక్కలా? ఆసుపత్రిలో తీరిక ఉండదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరాను. ఎక్కడనుకున్నావు? శత్రువు కోటలో. ఫోన్ ప్రకటనల కంపెనీలో! కరపత్రాలు పంచే మా గుంపు నన్ను వెలివేసింది. వేయనీ.

పని ఏమిటంటే, తెర మీద ఊరి పటం ఉంటుంది. డబ్బు కట్టినవాడు ఏ చోటు చెబితే ఆ చోటు చుట్టూ సున్నా చుట్టాలి. బడి చుట్టూ, బస్టాండు చుట్టూ, ఆసుపత్రి చుట్టూ. ఆ సున్నాలోకి అడుగుపెట్టిన ప్రతి ఫోన్‌కీ వాడి ప్రకటన వెళుతుంది. నాన్న కొట్టు కూడా పటంలో కనిపించింది. నా గోరంత ఉంది. దాని చుట్టూ ఎర్రటి సున్నా. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మాత్రమే వెలుగుతుంది. ఎవరు కొన్నారని మా సూపర్‌వైజరమ్మని అడిగాను. సున్నాలు చుట్టించేది ఆవిడే కనుక అందరూ ఆవిణ్ణి కంపాస్ మేడమ్ అంటారు. "పేర్లు మనకి రావు బాబూ, నంబర్లే" అంది. పేరు నాకెందుకు? వీధి దాటి ఎవడి కొట్లోకి రమ్మంటోందో వాడిదే.

ఇందులో అసలు మాయ ఫోన్ టీవీ. ఇప్పుడు ఎవరూ గోడ మీద టీవీ చూడరు. బాబాయి కొట్లో వంతు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఎవరి ఫోన్‌లో వాళ్లు క్రికెట్ ఆట చూస్తుంటారు. ఆట ఒకటే. విరామంలో వచ్చే ప్రకటన మాత్రం మనిషికొకటి. బట్టతలవాడికి నూనె, పక్కవాడికి ఇంటి స్థలం, ఆ పక్కావిడకి చీరలు. భుజం భుజం తగులుతుంటుంది, ఒకడు చూసింది ఇంకొకడు చూడడు. మనుషుల్ని ఇంత దగ్గరగా కూర్చోబెట్టి ఇంత దూరం చేసిన వస్తువు ఇంకోటి లేదని నేనొక కరపత్రం రాస్తాను. ముందు దీంతోనే వాణ్ణి కొడతాను.

మొదటి జీతం రాగానే బాబాయి కొట్టు చుట్టూ సున్నా కొన్నాను. "తిట్టకూడదు, పేరెత్తకూడదు. ఆ రెండూ లేకపోతే నీ కోపం కూడా మాకు ఒక ఆర్డరే" అంది కంపాస్ మేడమ్. తిట్టలేదు. నాన్న చేతుల్ని మాత్రమే వీడియో తీశాను. నాన్న వేళ్లు ఫ్రేము కాడని వంచుతుంటాయి. కింద అక్షరాలు వస్తాయి: "మీరు కూర్చున్న కొట్టుకి పని నేర్పిన చేతులు ఇవి. వీధికి అటువైపే ఉన్నాయి." అంతే. ఆట మధ్యలో, వాడి బెంచీ మీద, వాడి ఫ్యాను కింద, వాడి గిరాకీ చేతుల్లో!

నీ అగ్గిపుల్ల

*

అక్కా, అక్కా, అక్కా,

గెలిచాం! మొదటి రోజు ఇద్దరు లేచి వచ్చారు. వారం తిరిగేసరికి నాన్న కొట్లో కూర్చోవడానికి చోటు లేదు. ఎదుటి ప్రకటన వచ్చి ఫోన్ గుర్రుమన్నా ఇప్పుడు ఎవరూ లేవడం లేదు. ఒకాయన ఫోన్ చేత్తో పట్టుకునే వచ్చి నాన్న చేతుల వంకా తెర వంకా మార్చి మార్చి చూసి, "ఇవే చేతులండీ!" అన్నాడు. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. నేను చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు. "చెయ్యి బాగానే ఉందిరా, నేనే ఊరికే భయపడ్డాను" అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్ని కంపెనీల్లోనైనా ఊడిగం చేస్తాను.

ఎదుటి కొట్టు బెంచీ ఖాళీ. బాబాయి గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు. చూడనీ. నాన్న ఎన్ని మధ్యాహ్నాలు అలా నిలబడ్డాడో అన్ని మధ్యాహ్నాలూ వాడు నిలబడాలి. నిన్న వీధిలో ఎదురుపడి, "ఒరేయ్, ఒక్కమాట వినరా" అన్నాడు. "మీ మాటలు ఫోన్‌లో వస్తాయిగా, అక్కడ వింటాను" అన్నాను. ఎలా ఉంది?

గెలుపుకి గుర్తుగా నాన్నకో బహుమతి కూడా కొన్నాను. గోడ మీద ఆ పసుపు పచ్చ పాత చార్టు తీసేసి, తెల్లటి కొత్త చార్టు తగిలించాను. "ఎలా ఉంది నాన్నా?" అంటే, "తెల్లగా ఉందిరా, కొట్టుకే కళ వచ్చింది" అన్నాడు.

నువ్వు ఈసారి కూడా రెండు ముక్కలు రాస్తే ఊరుకోను. సంతోషించు కాస్త!

గెలిచిన నీ అగ్గిపుల్ల

*

అక్కగారికి,

గారు ఎందుకు తగిలించానో చదివాక నీకే తెలుస్తుంది.

శనివారం మధ్యాహ్నం కొట్టు కిటకిటలాడుతోంది. కుర్చీలో బడి వ్యాను తోలే ఆయన కూర్చున్నాడు. చార్టు పైవరస చదివాడు. "ఎనిమిది, రెండు, ఆరు."

"కాదు నాయనా, సరిగ్గా చూడు. ఏడు, మూడు, తొమ్మిది" అన్నాడు నాన్న.

"ఏడెక్కడిదండీ, శుభ్రంగా ఎనిమిదే కదా!"

"అదే నీ జబ్బు. ఆగు, అద్దం మారుస్తాను."

బెంచీ మీదవాళ్లు నవ్వారు. నేనూ నవ్వుతూనే చార్టు వంక చూశాను. ఎనిమిది. అరచెయ్యంత ఎనిమిది. ఏడు, మూడు, తొమ్మిది ఉన్నది పాత చార్టులో. దాన్ని నేనే మడిచి అటక మీద పడేశాను.

అక్కా, నాన్న చార్టు చూడటం లేదు. అప్పచెబుతున్నాడు. ఎన్నాళ్లుగా అప్పచెబుతున్నాడో. నాన్నకి అక్కడ కనిపించేది ఒక్కటే, గోడ కంటే కాస్త తెల్లటి ఇంకో తెలుపు. వ్యాను ఆయన పాపం సరిగ్గా చదివినకొద్దీ నాన్న అద్దం మారుస్తూ పోయాడు. చివరికి ఆయన, "పెద్దవారు, మీరెలా అంటే అలాగే" అని ఏడు, మూడు, తొమ్మిది ఒప్పేసుకుని, నాన్న రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకుని లేచాడు.

నేను వీధిలోకి పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అన్నా, ఒకసారి ఎదుటి కొట్లో కూడా చూపించుకో."

"అదేంటి తమ్ముడూ! ఎదుటి కొట్లో కూర్చున్నవాణ్ణి ఫోన్‌లో చేతులు చూసి ఇటు వచ్చాను. మళ్లీ అటు పొమ్మంటావేంటి? మీరూ మీరూ కలిసి నాతో బంతాట ఆడుతున్నారా?"

ఆయన్ని చెయ్యి వదలకుండా వీధి దాటించాను. నా కాళ్లతో, నా చేత్తో. నాన్న కొట్లోంచి మనిషిని వీధి దాటించినందుకు ఎవరి చెయ్యో విరుస్తానన్నాను, ఆ పని నేనే చేశాను. నాన్న గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. చూస్తున్నాడని అనుకున్నాను.

బాబాయి ఆయన్ని పరీక్ష చేసి, నాన్న చీటీ పక్కన తన చీటీ పెట్టాడు. దీనికీ దానికీ పొంతన లేదు. ఆయన వెళ్లాక, "నన్ను తిట్టడం అయిందా, ఇంకా మిగిలిందా?" అన్నాడు.

"నాన్నకి కనిపించడం లేదని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ప్రకటన వేశావా?"

"ఆ ప్రకటన నాది కాదురా. మాట మీ నాన్నది. డబ్బు మీ అక్కది. వీధికి ఇటుపక్క నా కొట్టు ఉండటమే నా పాపం. చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది."

అంతా చెప్పాడు. నాన్న నంబరు తప్పుగా వేసి ఇచ్చిన కళ్లద్దాలతో మెట్ల మీద పడ్డ ఒకావిడ మీ ఆసుపత్రికి వచ్చిందట. కళ్లద్దాల డబ్బా మీద మన కొట్టు పేరు చూసి, ఎవరి కంటా పడకుండా నువ్వు దాన్ని బల్ల కింద దాచేశావట. నాన్న కళ్లు చూస్తానని నువ్వు రెండుసార్లు అడిగితే, "కళ్లద్దాలవాడి కళ్లకేం" అని నాన్న కసిరాడట. దాంతో నువ్వు సున్నా కొన్నావట. కాడలు అతికే పొద్దుటిపూట వదిలేసి, పరీక్షలు చేసే మధ్యాహ్నమే ఎందుకు కొన్నావో ఇప్పుడు తెలిసింది. బద్ధకస్తుడైన దొంగ కాదు, పని తెలిసిన కూతురు.

అంటే నేను చెయ్యి విరుస్తానని రాసిన ఉత్తరం ఆ చేతిలోనే పడిందన్నమాట. ఆ చేత్తోనే "వేళకి తిను" అని రాశావన్నమాట! నువ్వు చేసింది మంచికే అంటావు. వ్యాను ఆయన్ని చూశాక కాదనలేను. కానీ నాన్న కంచంలోకి చూస్తూ చెయ్యి వణుకుతోందేమోరా అన్నాడే, ఆ మాట నీ లెక్కలో ఎక్కడుంది? కళ్లు పోతున్న మనిషికి చేతులు కూడా పోయాయనిపించావు. ముఖం మీద చెప్పాల్సింది ఊరివాళ్ల జేబుల్లో చెప్పావు. బాబాయి నా తిట్లన్నీ తిని నోరు మెదపలేదు. అందుకే ఆయన్ని మళ్లీ బాబాయ్ అంటున్నాను. నిన్ను మాత్రం ఊరికే వదలను.

ఇంటికి వచ్చి నాన్నతో చెప్పాను. "నాన్నా, కొత్త చార్టులో అంకెలు వేరు."

"ఎప్పట్నుంచీ?" అన్నాడు.

"అది తెచ్చిన రోజు నుంచీ."

"అప్పట్నుంచీ, అంతకు ముందూ వచ్చినవాళ్లందరికీ కబురు పెట్టు. ఆ వ్యాను అతను?"

"బాబాయి చూశాడు."

"బతికించావు." వేళ్లతో తడుముతూ కుర్చీ దగ్గరికి వెళ్లి, జనం కూర్చునే ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. నేను పుట్టాక నాన్న అందులో కూర్చోవడం అదే మొదలు. నీ సున్నా సంగతి అప్పుడు చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. ఆ కోపం నీకు రాసి పంపాలని ఎదురు చూశాను. నాన్న నవ్వాడు. "నా మాటతోనే నన్ను కొట్టిందిరా! మీ అక్క ముందు పరీక్షకి కూర్చుంటే కళ్లద్దాలవాడికే చూపు లేదని నలుగురికీ తెలుస్తుందని పారిపోయాను. ఆ నలుగురికీ ఇప్పుడు నేనే చెబుతాను. నీ దగ్గర ఉందిగా ఆ యంత్రం, ఎలా చెప్పాలో చెప్పు."

నేను వేసిన చేతుల ప్రకటన తీసేశాను. దాని బదులు ఇంకో సున్నా కొన్నాను. ఈసారి నా డబ్బుతో కాదు, నాన్న డబ్బుతో. నీ ఆసుపత్రి చుట్టూ.

ఈ ఉత్తరం చేరేసరికి మొదలై ఉంటుంది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నువ్వు ఫోన్‌లో సీరియల్ పెట్టుకుంటావు కదా. సరిగ్గా కథ ముడిపడే చోట ఆగుతుంది. తెర మీద కుర్చీ. కుర్చీలో నాన్న. ముక్కు మీద ఖాళీ పరీక్ష ఫ్రేము. ఎటు చూస్తున్నాడో తెలియకుండా, నీ వైపే చూస్తూ అంటాడు: "అమ్మాయీ, నేను కళ్లద్దాలు అమ్మేవాణ్ణి. నాకు కనిపించడం లేదు. ఇన్నాళ్లూ అందరినీ చదవమన్నాను. ఇప్పుడు నువ్వొచ్చి నన్ను చదవమను. కళ్ల విషయంలో మొహమాటం పనికిరాదు."

నీ పక్కన కూర్చున్న నర్సుకీ అదే వస్తుంది. డాక్టరుకీ అదే. వరండాలో వంతు కోసం కూర్చున్న ప్రతి మనిషికీ అదే. ఈ ఒక్కసారి మనిషికొకటి లేదు, అందరికీ ఒకటే. వాళ్లంతా తలెత్తి, ఆ అమ్మాయి ఎవరో అని వెతుకుతారు. దాక్కో, చూద్దాం.

ఆర్డరు రాసుకుంటూ కంపాస్ మేడమ్, "ఎప్పుడు ఆపమంటావు?" అంది. "మా అక్క వచ్చి ఆ కుర్చీ ముందు నిలబడ్డప్పుడు" అన్నాను. ఆ గడిలో తేదీయే రాయాలట. ఖాళీగా వదిలేశాం.

ఆరిపోని,
నీ అగ్గిపుల్ల