అత్తమ్మ నాన్న వాటా గారె

పటాన్‌చెరు, పెత్రమాస రాత్రి

పోయిన పెద్దలందరికీ ఇవాళ అన్నం పెట్టి, అత్తమ్మ ఈసారీ వాళ్ల నాన్నను మాత్రం వదిలేసింది. ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సముద్రంలో మిగిలిపోయిన బాంబు తగిలి ఆయన ఓడ మునిగిపోయిందట. శవం దొరకలేదు.

"గన్నేండ్లాయె గద అత్తమ్మా, ఇంకేడికెల్లొస్తడు?" అన్నాను.

"పోయాడని ఎవరు చూశారే అమ్మాయ్?" అంటూ ఆయన వాటా గారె గిన్నెలో పెట్టి మూత వేసింది.

నాకు ఒళ్లు మండింది. బొల్లారం ఫ్యాక్టరీలో కాలిపోయిన మా నాన్నను చేతి కడియం చూసి గుర్తుపట్టింది నేనే. ఎదురుచూడటానికి నాకేం మిగిలింది?

అందరూ పడుకున్నాక ఆ గారె తినేశాను. ఇప్పుడేమో నిద్ర పట్టడం లేదు. పొద్దున ఖాళీ గిన్నె చూసి, నాన్న వచ్చి తిన్నాడని ఆమె మురిసిపోతే...